ఇంటిని మోసే టైర్లు: స్టాక్ లేనప్పుడు ఏం కొనాలి, ఏం కొనకూడదు?

పోయిన ఎపిసోడ్‌లో మా మోటార్‌హోమ్ లోపల టూర్ చూపించా కదా. చాలామంది కిచెన్ గురించి, బెడ్ గురించి అడిగారు. టైర్ల గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే కొన్నప్పుడు నేనూ చూడలేదు. ఈరోజు ఆ కథే.

2022 జూన్. అమ్మానాన్న ఖమ్మం నుంచి డాలస్ వచ్చారు. వాళ్ల రిటర్న్ టికెట్‌కి ఇంకా 5 వారాలే ఉంది. నాన్నకి ఒకటే కోరిక, గ్రాండ్ కాన్యన్ చూడాలి. ఇక్కడి నుంచి దాదాపు వెయ్యి మైళ్లు, పైగా మండే ఎండలు. బయల్దేరడానికి ఇంకా వారం ఉందనగా నాన్న బండి చుట్టూ ఒక రౌండ్ వేశారు. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ముందు టైరు దగ్గర కూర్చుని, "ఏరా, దీని పుట్టినరోజు ఎప్పుడు?" అన్నారు. నాకు అర్థం కాలేదు.

మీరూ చూడొచ్చు. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే ఒక కోడ్ ఉంటుంది. దాంట్లో చివరి 4 అంకెలే పుట్టినరోజు. మా దాని మీద 1814 అని ఉంది. అంటే 2014లో 18వ వారం తయారైందన్నమాట. అప్పటికే 8 ఏళ్లు! కానీ గాడులు చూస్తే కొత్తదానిలా ఉన్నాయి. ఇక్కడే అందరం మోసపోతాం. కారు టైరు తిరిగి తిరిగి అరుగుతుంది. మోటార్‌హోమ్ టైరు నిలబడి నిలబడి ముసలిదవుతుంది. ఎండకి, బరువుకి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. మిషెలిన్ లాంటి కంపెనీలు కూడా 5 ఏళ్లు దాటితే ఏడాదికోసారైనా తెలిసినవాళ్లకి చూపించమని, 10 ఏళ్లు దాటితే అరగకపోయినా మార్చేయమని చెబుతాయి.

సరే, మార్చేద్దాం అని షాప్‌కి ఫోన్ చేశా. "6 వారాలు పడుతుంది" అన్నారు. ఇంకో షాప్‌లో "ఎప్పుడొస్తాయో చెప్పలేం" అన్నారు. అప్పటి పరిస్థితి గుర్తుందా? కోవిడ్‌లో ఫ్యాక్టరీలు ఆగాయి, కంటైనర్లు దొరకలేదు, లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల బయట ఓడలు బారులు తీరాయి. 2021 ఫిబ్రవరిలో మా టెక్సాస్‌లో వచ్చిన మంచు తుఫానుకి పెట్రోకెమికల్ ప్లాంట్లు మూతపడ్డాయి. సింథటిక్ రబ్బరుకి ముడిసరుకు వచ్చేది అలాంటి ప్లాంట్ల నుంచే.

ఇలాంటప్పుడే "దొరికింది ఏదో ఒకటి వేసేద్దాం" అనిపిస్తుంది. నాకూ మూడు ఆఫర్లు వచ్చాయి. మూడూ చెప్తా, మీరే ఆలోచించండి.

ముందు మా బండి లెక్క. ఇది ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన క్లాస్ సి మోటార్‌హోమ్. ముందు 2, వెనక జంటలుగా 4, మొత్తం 6 టైర్లు. సైజు ఎల్‌టీ 225/75ఆర్16, లోడ్ రేంజ్ ఈ. నాన్న, "ముందు కాటా వేయించు, తర్వాత టైరు అడుగు" అన్నారు. నీళ్లు, గ్యాస్, సామాన్లు, మనుషులు అందరితో సహా ట్రక్ స్టాప్‌లో తూకం వేయించా. ముందు యాక్సిల్ మీద 4,350 పౌండ్లు, వెనక 9,240 పౌండ్లు.

మొదటి ఆఫర్: అదే సైజు, కానీ లోడ్ రేంజ్ డి. "ఒక్క అక్షరమే కదా తేడా" అన్నాడు షాపతను. జంటగా వేసినప్పుడు డి టైరు ఒక్కోటి 2,150 పౌండ్లు మోస్తుంది. నాలుగు కలిపితే 8,600. మా బరువు 9,240! అదే ఈ రేంజ్ అయితే 80 పీఎస్‌ఐ గాలితో ఒక్కోటి 2,470, నాలుగు కలిపి 9,880. ఆ ఒక్క అక్షరం మీదే మా ఇంటిల్లిపాదీ కూర్చుంటాం ఫ్రెండ్స్.

రెండో ఆఫర్: ఎస్‌టీ అని రాసున్న టైర్లు. అంకెలు అవే, ధర కూడా తక్కువ. కానీ ఎస్‌టీ అంటే ట్రెయిలర్ టైరు. వెనక లాగబడే బండి కోసం చేసింది. స్టీరింగ్ తిప్పే, ఇంజిన్ తోసే చక్రాలకి అది పనికిరాదు.

మూడోది: 245 సైజు, కొంచెం వెడల్పు. "పెద్దదైతే ఇంకా మంచిదేగా" అనుకున్నా. కానీ మా రిమ్ వెడల్పు 6 అంగుళాలే, దానికి ఆ టైరు సరిపోదు. పైగా జంట టైర్ల మధ్య సందు తగ్గిపోతుంది. రెండూ ఒకదానికొకటి రాసుకుంటే వేడెక్కి పగిలిపోతాయి.

మూడూ వద్దన్నా. అమ్మ మొహం చిన్నబోయింది. నేను కూడా ఒక క్షణం, "పాత టైర్లతోనే నెమ్మదిగా పోదామా నాన్నా?" అన్నా. ఆయన అరవలేదు. "వెనకది పగిలితే బండి ఆగుద్ది. ముందుది పగిలితే స్టీరింగ్ మన మాట వినదు. నీ పిల్లలు కూడా ఇందులోనే ఉంటారు కదరా. కాన్యన్ ఎక్కడికీ పోదు, ఆగుదాం" అన్నారు.

ఇప్పుడు ఎలా దొరికాయో చెప్తా, ఇది మీకు పనికొస్తుంది. ఆర్‌వీ షాపులు వదిలేశా. ఈ-450 మీద అంబులెన్సులు, షటిల్ బస్సులు కూడా కడతారు. వాటికీ ఇదే సైజు. అందుకని ఆ బండ్లకి టైర్లు వేసే కమర్షియల్ షాపులకి ఫోన్లు చేశా. డాలస్ ఒక్కటే కాదు, చుట్టుపక్కల ఊళ్లు కూడా. "టైర్లున్నాయా?" అని అడగలేదు. "ఎల్‌టీ 225/75ఆర్16, లోడ్ రేంజ్ ఈ, డీఓటీ చివరి 4 అంకెలు ఫొటో తీసి పంపండి" అని అడిగా. కొరత టైంలో గోడౌన్‌లో మూల పడున్న పాత సరుకు కూడా బయటికొస్తుంది. కొత్తది అని కొంటే దానికే 3 ఏళ్లు ఉండొచ్చు.

పన్నెండో రోజుకి ఒక ఊళ్లో 4, ఇంకో ఊళ్లో 2 దొరికాయి. బ్రాండ్లు వేరు. ఫర్వాలేదా? నాలుగూ ఒకే రకం వెనక, రెండూ ఒకే రకం ముందు వేశాం. ఒకే యాక్సిల్ మీద మాత్రం కలపకూడదు. జంటలో ఒకటి కొంచెం ఎత్తుగా ఉన్నా బరువంతా దాని మీదే పడుతుంది. ఒకవేళ 2 మాత్రమే దొరికుంటే? మా లాంటి బండికైతే అవి ముందుకే. ఆర్టీసీలో కూడా కొత్త టైరు ముందుకి, రీట్రెడ్ వెనక్కి అని నాన్న చెప్పారు. అమెరికాలో కూడా బస్సుల ముందు చక్రాలకి రీట్రెడ్ వేయడాన్ని ఫెడరల్ రూల్స్ ఒప్పుకోవు.

పాత టైర్లు విప్పినప్పుడు ఒకటి చూశాం. వెనక లోపలి టైరు, బయటికి కనిపించని వైపు, వేలి గోరు దూరేంత పగులు. నాన్న దాని మీద చెయ్యి పెట్టి నా వైపు చూశారు. ఏమీ అనలేదు.

బిగించాక ఇంకో రెండు పనులు. వాల్వులు కూడా కొత్తవి వేయించండి. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. గాలి మాత్రం పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడండి. గాలి తక్కువైతే టైరు ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడే దాన్ని చంపేస్తుంది.

10 రోజుల ట్రిప్ 6 రోజులైంది. లాస్ వేగాస్ క్యాన్సిల్. కానీ కాన్యన్ అంచున నాన్న చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. తర్వాత వెనక్కి తిరిగి, "టైర్లు చల్లబడ్డాయేమో, గాలి చూడు" అన్నారు. అంతే ఆయన.

ఈ వీడియో అయిపోగానే మీ కారో, బైకో, ఏదైనా సరే, వెళ్లి ఆ 4 అంకెలు చూడండి. ఏ సంవత్సరం వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. నచ్చితే ట్రిప్ ప్లాన్ చేస్తున్న ఫ్రెండ్‌కి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా వెళ్లి, జాగ్రత్తగా రండి. బై!