కామెర్ల టీకా – దాని శుద్ధి



కామెర్లనగానే మనకు పసరువైద్యుడు జ్ఞప్తికి వచ్చును. కలుషితజలము వలన కలుగు కామెర్లు చాలమందికి వానియంతటనే తగ్గును. పేరుమాత్రము పసరునకు దక్కును. హెపటైటిస్ బి యను కామెర్లు వేఱు. అది రక్తము ద్వారమునను, ప్రసవవేళ తల్లినుండి బిడ్డకును సోకి, యేండ్లకొలది కాలేయమున దాగియుండి, తుదకు కొందఱి ప్రాణములు తీయును.

దీనికి టీకా కలదు. 1981లో అమెరికాయందు వచ్చిన మొదటి టీకా వ్యాధి సోకినవారి రక్తమునుండియే తీయబడెను. 1986 నుండి, కల్లును పులియబెట్టు సూక్ష్మజీవుల కోవకు చెందిన ఈస్టుచేత, ఆ విషక్రిమి పైపొరయందలి మాంసకృత్తును మాత్రము చేయించుచున్నారు. క్రిమి లేదు కావున రోగభయము లేదు. శరీరము ఆ పొరను చూచియే శత్రువును గుర్తించుట నేర్చును. నేను శాలిబండ నివాసిని. మా నగరమునకు ఉత్తరమున మేడ్చలులో కర్మాగారము గల శాంతా బయోటెక్నిక్స్ వారు భారతదేశమున మొట్టమొదట ఇట్టి టీకాను 1997లో తయారుచేసిరి. ఆ సంస్థను 1993లో స్థాపించినవారు శ్రీ వరప్రసాదరెడ్డిగారు.

ఈస్టుచేత చేయించుట ఒక యెత్తు, చేసినదానిని వేఱుపఱచుట పదియెత్తులు. ఆ పొరతునక అంగుళములో పదిలక్షలవ వంతుకంటెను చిన్నది. ఈస్టు కణమును పగులగొట్టినచో వేలకొలది యితర మాంసకృత్తులును వెలువడును. కాచి వేఱుచేయుదమన్న, కోడిగ్రుడ్డు తెల్లసొనవలె గట్టిపడి చెడును. అందుచేత సన్నని పూసలు నింపిన గొట్టముగుండ ఆ ద్రవమును పోయుదురు. కావలసినది పూసల నంటుకొనును, తక్కినది జారిపోవును. పిదప ఉప్పునీటి పాలు మార్చినచో అంటినది విడివడును. బురదనీటిలో చిల్లగింజ అరగదీసిన మనకు ఈ యంటుకొను ధర్మము బొత్తిగా క్రొత్తది కాదు.

ఇక లెక్క చూడుడు. ఒక్కొక్క శుద్ధియందు నూటికి 20 పాళ్లు పోవుననుకొందము. 100 కాస్తా 80 యగును, పిదప 64, ఐదవ శుద్ధి ముగియుసరికి మిగులునది 33. శుద్ధులు తగ్గించిన మలినము నిలుచును, పెంచిన వెల పెరుగును. ఏది ముందు, ఏది వెనుక, ఏది మానవచ్చును అని తేల్చుటకే యేండ్లు పట్టును. దిగుమతి టీకా మోతాదునకు వందల రూపాయలుండెడిది. దేశీయమైనది వచ్చిన పిదప వెల పదులలోనికి దిగెను. నామట్టుకు నాకు ఇదియే టీకాకంటె గొప్ప వింత.

నేడు ప్రభుత్వ వైద్యశాలలలో ఇది ఉచితము. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు, పిమ్మట 6, 10, 14 వారములకు తక్కినవి వేయింపవలెను. పురిటిమైల యనియు, మంచిరోజు చూతమనియు ఆ మొదటి దినమును దాటనీయకుడు.