రైస్ అనే మాట మన వరి నుంచి పుట్టిందా?

పామిడిముక్కల నుంచి మాట్లాడుతున్నాను. సార్వా ఊడ్పులయ్యాక మా వైపు ఎటు చూసినా వరే. ఆ "వరి"నే ఇంగ్లీషువాళ్ళు "రైస్" చేసుకున్నారని చాలామంది గట్టిగా నమ్ముతారు. తమిళ మిత్రులేమో కాదు, మా "అరిసి" అంటారు.

సరే, వెనక్కి నడుద్దాం. ఇంగ్లీషుకి ఈ మాట 13వ శతాబ్దంలో ఫ్రెంచి "రిస్" నుంచి వచ్చింది. ఫ్రెంచికి ఇటాలియన్ "రీసో" నుంచి. దానికి మూలం లాటిన్ "ఒరీజా". రోములో బియ్యం అంటే మందుసరుకు లాంటిది. హొరేస్ అనే కవి రాసిన ఒక వ్యంగ్య కవితలో, జబ్బుపడ్డ పిసినారిని వైద్యుడు బియ్యపు జావ తాగమంటాడు. వాడు ముందు ధర అడుగుతాడు! మనం ఊరికే పారబోసే గంజికి అక్కడ బేరం.

లాటిన్ వాళ్ళకి ఈ మాట ఇచ్చింది గ్రీకులు. అలెగ్జాండర్ దండయాత్ర తర్వాత థియోఫ్రాస్టస్ తన మొక్కల పుస్తకంలో వరి గురించి రాశాడు. మరి గ్రీకులకి ఎవరిచ్చారు? ఇక్కడే అసలు తగాదా.

"అరిసి"లో "వ" లేదు. "వరి"లో "జ"గానీ "స"గానీ లేదు. సంస్కృతం "వ్రీహి", అఫ్గనిస్తాన్‌లో పష్తో వాళ్ళనే "వ్రిజె" చూడండి. పష్తో మాటలో రెండూ ఉన్నాయి. గ్రీకులో అప్పటికి "వ" పోయింది కాబట్టి ఆ చోట "ఒ" వచ్చిందని ఎక్కువమంది భాషావేత్తల లెక్క. అంటే మాట ఇరాన్ వైపు నుంచి నేల మీద నడిచి వెళ్ళింది.

మన బందరు తీరం నుంచి ఓడల్లో వెళ్ళి ఉండకూడదా అంటారా? ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడు "పెరిప్లస్"లో ఈ తీరాన్ని "మసాలియా" అన్నాడు. ఇక్కడ దొరికే సరుకుగా చెప్పింది సన్నబట్టలు, బియ్యం కాదు. పైగా అప్పటికే గ్రీకులో ఆ మాట మూడొందల ఏళ్ళ పాతది.

ఇంకో సంగతి. "వ్రీహి" ఋగ్వేదంలో లేదు, అథర్వవేదంలో ఉంది. సంస్కృతమే దాన్ని ఇంకెవరి దగ్గరో తీసుకుని ఉండొచ్చు. అది ద్రావిడుల దగ్గరా, ఇంకెవరి దగ్గరా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. నన్నడిగితే "వరి", "రైస్" దూరపు చుట్టాలైతే కావచ్చు, తల్లీబిడ్డలు మాత్రం కారు.

ఇంగ్లీషుకి మనం ఖాయంగా ఇచ్చిన మాట కావాలా? అదే వరిచేలో ఉంది. పందికొక్కు! అదే "బాండికూట్" అయింది. ఆస్ట్రేలియాలో కడుపుసంచి ఉన్న ఇంకో జంతువుకి కూడా ఆ పేరే పెట్టేశారు.

వచ్చేసారి "గిడ్డంగి" సంగతి చూద్దాం. ఉంటానండీ.