పేరు ఎవరిది?



టకానినిలో మన పిల్లలు వినే ఇంగ్లీషు పాటలను మనం రొద అంటాం. వాటిలో ఒక మేళం కథ మాత్రం మనకు పనికొచ్చేదే.

పింక్ ఫ్లాయిడ్ లండన్‌లో 1965లో మొదలయింది. ఆ పేరు పెట్టినవాడు, తొలి పాటలు కట్టినవాడు సిడ్ బారెట్. అతని మనసు చెదిరింది. డేవిడ్ గిల్మోర్‌ను చేర్చుకుని కొద్దిరోజులు అయిదుగురూ వాయించారు. 1968లో ఒక కచేరీకి పోతూ బారెట్‌ను కారెక్కించుకోవటమే మానేశారు, అంతే. 1975లో అతన్ని తలుచుకుని పెద్ద పాట కట్టారు. ఆ రికార్డింగ్ జరుగుతుండగా అతనే వచ్చాడు. గుండు, ఒళ్లు వచ్చిన మనిషి. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు!

తరువాత రిచర్డ్ రైట్‌ను వెళ్లగొట్టి, జీతానికి వాయించమన్నారు. ఆ కచేరీలలో నష్టం యజమానులకు, లాభం జీతగాడికి! వెళ్లగొట్టించిన రోజర్ వాటర్సే 1985లో విడిపోయి, తాను లేని మేళానికి ఆ పేరెందుకని కోర్టుకెక్కాడు. 1987 చివర రాజీ కుదిరింది. 1988 జనవరి 22న అదే పేరుతో మన ఆక్లండ్ వెస్టర్న్ స్ప్రింగ్స్‌లో కచేరీ చేశారు. మొదటి నలుగురిలో వచ్చినవారు ఇద్దరే: రైట్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్.

మన సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభిలో 'కీచక వధ'తో మొదలయింది. అక్కడ కుటుంబాలలోనే వేషాలు చేతులు మారుతూ వచ్చాయి. మాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

ఫిజీనుంచి మనతో వచ్చిన భజన కూటంలో తెలుగు చదివి పాడేవాళ్లం ముగ్గురం మిగిలాం. మృదంగం వాయించే తాతగారికి చేతులు వణుకుతున్నాయి. వారి మనవరాలు డ్రమ్స్ నేర్చుకుంటోంది. అడిగాం. పాటలు ఇంగ్లీషు అక్షరాలలో రాసిస్తే ఆదివారం వస్తానంది. రాస్తున్నాం.