చేతికి పని ఇచ్చినవాళ్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కదా, యంత్రాల గురించి చెబుతాడని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నేను చెప్పబోయేది పదేళ్లు నిండి ఇరవైకి చేరని పిల్లల గురించి, వాళ్ల మీద పరిశోధన ఎవరు చేయాలన్న దాని గురించి. నేనుండేది అమెరికాలో. అక్కడ కౌమార దశ మీద పరిశోధించే ఒక ప్రొఫెసరు గారికి ఆరేళ్లుగా వేసవి నెలల్లో సాయం చేస్తున్నాను. పిల్లలు చేతికి కట్టుకునే గడియారం లాంటి పరికరం రాత్రంతా కదలికలను నమోదు చేస్తుంది. ఆ అంకెల్లోంచి నిద్రను చదవడం నా వంతు. ఆ పని నా దగ్గర నేర్చుకునేది డిగ్రీ చదివే మైనారిటీ విద్యార్థులు.

మైనారిటీ అనగానే మనకు మతం గుర్తొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. నల్లజాతీయులు, లాటిన్ అమెరికా మూలాలున్నవారు, అమెరికా ఆదివాసులు. అంటే జనాభాలో ఉన్నంతగా పరిశోధనలో కనిపించనివారు. సంఖ్యలో తక్కువే అయినా మన పిల్లలు సాధారణంగా ఈ లెక్కలోకి రారు. ల్యాబుల్లో మనవాళ్లకు కొదవ లేదు కదా!

పరిశోధన ఎవరు చేస్తే ఏముంది అనిపించవచ్చు. ఒక పాత సంగతి చెబుతాను. కౌమార దశను ఒక శాస్త్రంగా నిలబెట్టిన పుస్తకం 1904లో వచ్చింది. రెండు పెద్ద సంపుటాలు. రాసినాయన జి. స్టాన్లీ హాల్. అందులోనే ఒక అధ్యాయంలో ఆయన తెల్లవారు కాని జాతులను ఇంకా పూర్తిగా ఎదగని జాతులుగా లెక్కగట్టాడు. శాస్త్రం పుట్టినప్పుడే కొలబద్ద కొందరు పిల్లలకు వంకరగా పడింది.

చిత్రమేమిటంటే, అదే హాల్ దగ్గర ఫ్రాన్సిస్ సెసిల్ సమ్నర్ అనే యువకుడు 1920లో పీహెచ్‌డీ పూర్తి చేశాడు. మనస్తత్వశాస్త్రంలో ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతి అమెరికన్ ఆయనే. తర్వాత ఆయన హోవార్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అక్కడ ఆయన దగ్గర డిగ్రీ చదివినవాడు కెన్నెత్ క్లార్క్. గణితం చదువుతున్న మేమీ ఫిప్స్‌ను మనస్తత్వశాస్త్రం వైపు మళ్లించినవాడు కెన్నెత్. తర్వాత ఇద్దరూ దంపతులయ్యారు. రంగులో తప్ప మరే తేడా లేని బొమ్మలను చిన్నపిల్లల ముందు పెట్టి, ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. నల్లపిల్లల్లో చాలామంది తెల్లబొమ్మే మంచిదన్నారు. బడుల్లో జాతి విభజన చెల్లదంటూ 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడుగు జ్ఞాపికలో కెన్నెత్ క్లార్క్ రచన ఉంది.

1904 నుంచి 1954 వరకు యాభై ఏళ్లు. సరిగ్గా మన బడి వయసు. ఆ కొలబద్దను సరిచేసే పనికి ఒక గురువు, డిగ్రీలో ఉన్న శిష్యులు పూనుకున్నారు.

ఇప్పుడు ఈ పనికి ప్రభుత్వ పథకాలు కూడా ఉన్నాయి. 1986లో చాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి, భౌతిక శాస్త్రవేత్త రొనాల్డ్ మెక్‌నైర్ పేరు మీద ఒకటి నడుస్తోంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పేద విద్యార్థులకు, పరిశోధనలో తక్కువగా కనిపించే వర్గాలవారికి అది డిగ్రీలోనే ఒక గైడును, పరిశోధన పనిని, కొంత భృతిని ఇస్తూ వచ్చింది. భృతి అన్న మాట గుర్తుపెట్టుకోండి.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. యుక్తవయసులో శరీరంలోని గడియారం ఆలస్యంగా నడుస్తుంది, నిద్ర రాత్రి పొద్దుపోయాక గాని రాదు. హైస్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలుకాకూడదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది ఇందుకే. మేము ఆ లెక్కలోనే ఉన్నాం. కొందరు పిల్లలు రాత్రి రెండింటికి లేచినట్టు అంకెల్లో కనిపిస్తే, నిద్ర సరిగా లేదని గుర్తుపెట్టుకుంటూ పోతున్నాం. ఆ అమ్మాయి ఆగి, "ఆ టైముకి వాళ్లమ్మ షిఫ్టు నుంచి వస్తుందేమో. తలుపు తీయడానికి లేస్తారేమో. మా ఇంట్లో నేను అలాగే లేచేదాన్ని" అంది. మా ప్రశ్నావళిలో ఆ ప్రశ్నే లేదు. మర్నాడు చేర్చాం. రాసింది ఆ అమ్మాయే. ఎన్ని సూత్రాలు తెలిసినా ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె తోటివాడే, అంతే చురుకైన కుర్రాడు మధ్యలో మానేశాడు. వేసవి భృతి అయిపోయింది, ఇంటి అద్దె అయిపోలేదు. గోదాములో రాత్రి డ్యూటీకి చేరాడు. అతనికి మేమంతా ధైర్యం చెప్పాం. ధైర్యంతో అద్దె కట్టలేడు. అందుకే, గైడుగా ఉండటమంటే భుజం తట్టడం ఒక్కటే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేతికి నిజమైన పని ఇవ్వాలి. ఆ పనికి డబ్బివ్వాలి. వ్యాసం వెలువడితే వాళ్ల పేరు వేయాలి. దరఖాస్తు రాసేటప్పుడు పక్కన కూర్చోవాలి.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, 2011 జనగణన ప్రకారం మన దేశంలో పదీ పందొమ్మిదేళ్ల మధ్య పిల్లలు 25 కోట్ల మందికి పైనే. పదో తరగతి పరీక్షల ముందు మన పిల్లలు ఎంతసేపు నిద్రపోతున్నారు? హాస్టల్లో మొదటి నెల ఎలా గడుపుతున్నారు? ఈ ప్రశ్నలు సరిగా అడగగలిగినవాళ్లు నిన్న మొన్న ఈ బడి నుంచే డిగ్రీకి వెళ్లారు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో డిగ్రీ అన్నది వాళ్లతోనే మొదలు.

మన సంఘానికి నాదొక మనవి. ఏటా వేసవిలో అలాంటి ఇద్దరిని ఎంచుకుందాం. రెండు నెలల భృతి ఇద్దాం. మనలో డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు, లెక్కలు తెలిసినవాళ్లున్నారు. ఒక్కొక్కరికి ఒక గైడు దొరకడం కష్టం కాదు. తల్లిదండ్రుల అనుమతితో, ప్రధానోపాధ్యాయుల సమ్మతితో, ఈ బడి పిల్లల నిద్ర మీదే మొదటి పని మొదలుపెట్టవచ్చు. మొదటి మూడేళ్ల భృతి నేను భరిస్తాను. అంకెలు చదవడం వీడియో కాల్‌లో నేనే నేర్పుతాను. దగ్గరుండి చూసుకునేవాళ్లు మాత్రం ఇక్కడే కావాలి.

భోజనాలకు లేచే ముందు కార్యదర్శి గారి దగ్గర మీ పేరు రాయించి వెళ్లండి. ఇద్దరు చాలు.