గర్భిణికి రక్తపరీక్ష ఏల?



గర్భవతియగు స్త్రీ ఆసుపత్రికి పోయినప్పుడు సవాయి, హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి అను మూడింటికిని రక్తపరీక్ష చేయుట నేడు పరిపాటి. "మా యింటి కోడలికి సుఖవ్యాధుల పరీక్షయా?" అని పెద్దలు నొచ్చుకొనుట కలదు. ఆ పరీక్ష శీలమునకు గాదు, శిశువు రక్షణకు.

ఈ మూడును ఏండ్లతరబడి పైకి కానరాక దేహమున దాగియుండగలవు. మూడును తల్లినుండి బిడ్డకు సంక్రమింపగలవు. ముందుగా తెలిసినచో మూడింటికిని ఉపాయము గలదు. కనుకనే ఎవరినో అనుమానించి గాక, గర్భిణులందరికిని పరీక్ష చేయుదురు. ఒక్కరికే చేసినచో అవమానము. అందరికిని చేసినచో ఆచారము.

సవాయి క్రిమిని 1905లో జర్మను శాస్త్రజ్ఞులు షౌడిన్, హాఫ్‌మన్ కనుగొనిరి. 1943లో పెనిసిలిన్ దానిని నయము చేయునని తేలెను. గర్భిణికి నేటికిని అదియే మందు. చికిత్స లేనిచో గర్భస్రావము, మృతశిశు జననము సంభవింపవచ్చును. హెచ్.ఐ.వి. గల తల్లి నిత్యము మందు సేవించినచో బిడ్డకు సోకు భయము మిక్కిలి తగ్గును. హెపటైటిస్-బి రాకుండుటకు పుట్టిన 24 గంటలలోపల శిశువునకు టీకా వేయవలెను.

హెర్పీస్‌కు మాత్రము లక్షణములు లేనివారికి సామాన్యముగా రక్తపరీక్ష చేయరు. ఫలితము అంతగా నమ్మదగినది కాదు. సమూలముగా పోగొట్టు మందును లేదు.

తల్లి నుండి బిడ్డకు హెచ్.ఐ.వి., సవాయి సంక్రమించుటను అరికట్టిన మొదటి దేశముగా 2015లో క్యూబాను ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తించినది.

ఇక భర్త మాట. అతనికి చికిత్స జరుగనిచో, నయమైన భార్యకు సవాయి మరల సోకవచ్చును. కావున ఇల్లాలిని ఒంటరిగా పంపక, అతడును వెంట పోయి తన చేయియు చాచవలెను.