మాత్ర వేసుకోవడానికి ఇల్లు కావాలి

(జిల్లా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్.ఐ.వి. గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

2002లో ఒకామె భర్త ఎయిడ్స్‌తో చనిపోయాడు. లారీ మీద పనిచేసేవాడు. పెద్దకర్మ అయిన మర్నాడే అత్తవారు ఆమెనూ, ఇద్దరు పిల్లల్నీ బయటికి పంపేశారు. "మా పిల్లవాణ్ణి మింగేసింది" అన్నారు. నేను ఆవేశంగా వెళ్ళి ఊరి పెద్దల్ని కూర్చోబెట్టాను. "ఈమెకూ మొగుడి దగ్గర్నుంచే జబ్బు వచ్చింది. ఎక్కడికి పోతుంది?" అని అందరి ముందూ అడిగాను. న్యాయమే మాట్లాడాననుకున్నాను. మర్నాటి నుంచి ఆమెను బోరింగు దగ్గరికి రానివ్వలేదు. కూలికి పిలవడం మానేశారు. ఇల్లూ దక్కలేదు. "నా సంగతి చెప్పేముందు నన్నొక మాట అడగాల్సింది కదక్కా" అంది.

ఈ జబ్బు చరిత్ర అంతా ఆ అడగకపోవడంలోనే ఉంది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని రక్త నమూనాలు సేకరించింది. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది వాటిలోనే. ఆ రక్తం ఇచ్చింది సెక్స్‌వర్కర్లు. వారిలో చాలామంది ప్రభుత్వ గృహంలో నిర్బంధంలో ఉన్నవారు. దేనికోసం పరీక్షిస్తున్నారో వాళ్ళకు చెప్పలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే రక్తదాతను పోలీసులు తీసుకెళ్ళి రెండు నెలలకు పైగా ఒంటరిగా బంధించారు. అప్పట్లో సంరక్షణ అంటే బంధించడమే.

అసలు సంరక్షణ నేర్పింది బాధితులే. 1998లో చెన్నైలో హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలు తమకోసం తామే పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ పెట్టుకున్నారు. మందులు ఖరీదై అందని రోజులవి. ఇలాంటి బృందాల్లో స్త్రీలు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ఆసుపత్రికి తోడు వెళ్ళారు. చనిపోయినవారి పిల్లల్ని చూసుకున్నారు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఎ.ఆర్.టి. మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇవాళ చాలామందికి రోజుకొక మాత్ర చాలు. క్రమంగా వాడి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గితే, సంభోగం ద్వారా ఇంకొకరికి సోకదు. గర్భిణి సకాలంలో మందులు వాడితే బిడ్డకు సోకకుండా చూడొచ్చు. కానీ మాత్ర రోజూ తప్పకుండా వేసుకోవాలంటే తిండి ఉండాలి, తల దాచుకునే చోటుండాలి, డబ్బా దాచుకోనక్కర్లేని ఇల్లుండాలి. మందు ప్రభుత్వం ఇచ్చింది. ఇల్లు ఇంకా మనమే అడగాలి.

అడగడానికి చట్టం ఉంది. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడిగా నివసించిన ఇంట్లో ఉండే హక్కు, అక్కడినుంచి గెంటివేయబడకుండా ఉండే హక్కు హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఇచ్చింది. పరీక్షకు ఒప్పుకోలు తీసుకోవాలంది. కోర్టులో అసలు పేరు బయటపడకుండా కేసు నడిపించమని కోరవచ్చు. ఆసుపత్రి వైద్యం నిరాకరిస్తే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అత్యవసరమైతే 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి.

ఇది మనలో ఎంతమందికి తెలుసు? ఇంట్లోంచి గెంటేశారని ఒకామె వస్తే, "ఎలా వచ్చింది?" అని అడగకండి. "ఏం కావాలి? ఎవరికి చెప్పమంటావు?" అని అడగండి. వకీలు దగ్గరికి తోడు వెళ్ళండి. పంచాయితీ పెట్టకండి.

నేను చెప్పిన ఆమె బతికే ఉంది. 2005 నుంచి మందులు వాడుతోంది. మొన్న కూతురి పెళ్ళి చేసింది. ఇవాళ ఇక్కడ ఆమె సంగతి చెప్పొచ్చా అని అడిగాను. చెప్పమంది, ఊరి పేరు మాత్రం వద్దంది. అందుకే చెప్పలేదు.