మన పెరటిలోని కుట్టుచీమలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కవిసమ్మేళనములు, హరికథలు, నాటికలు జరిగెడు ఈ వేదికపై చీమలను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను పరిహాసమనుకొంటిని. కాని గత వర్షాకాలమున మన క్వార్టర్లలో జరిగిన సంగతి ఎరిగినవారెవ్వరును దీనిని పరిహాసముగా తలపరు. మా వెనుక వరుసలోని ఒక ఇంటి పెరటిలో గడ్డి కోయుటకు వచ్చిన తోటమాలి వట్టి కాళ్లతో చీమల పుట్టపై నిలిచెను. నిమిషములో రెండు పాదములకును పదులకొలది కాట్లు పడినవి. పావుగంట గడచునప్పటికి అతని ఒడలెల్ల దద్దురులు లేచి, పెదవులు వాచి, ఊపిరి సరిగా ఆడక కూలబడెను. ఒకరు ఉల్లిపాయ రుద్దుమనిరి. మరియొకరు సున్నము పూయుమనిరి. ఒక ఇల్లాలు మాత్రము ఆ మాటలు చెవిని పెట్టక, ఆటో పిలిపించి అతనిని ఆసుపత్రికి చేర్చినది. సూదిమందు పడిన పిమ్మట అతడు తేరుకొనెను.

ఆ పుట్ట అచ్చట మూడు వారములనుండి యున్నదని ఆ ఇంటివారికి తెలియును. “చీమలే గదా!” అనుకొనిరి. ఆ దారిని నడచుచు నేనును చూచితిని. నేనును అట్లే అనుకొంటిని. నేడు నేను మాటలాడుటకు అదియే కారణము.

మనమందరమును బాల్యమున ఏడుగురు రాజకుమారుల కథ, ఎండని చేప కథ విన్నవారమే. ఒకరిపై నొకరు నెపము త్రోయుచు సాగిన ఆ విచారణ తుదకు చీమవద్ద ఆగును. తన పుట్టలో వ్రేలు పెట్టినవానిని కుట్టుట తన దోషము కాదని చీమ నిర్భయముగా సమాధానము చెప్పును. జీవశాస్త్రము చెప్పునదియు ఇంచుమించు అదియే. చీమ మనలను వెదకికొని వచ్చి కుట్టదు. దాని పుట్టను మనము కదలించినప్పుడు, త్రొక్కినప్పుడు కుట్టును. కనుక మొదట పుట్టను గుర్తించుట, అది ఎవరిదో తెలిసికొనుట, ఆ పిమ్మటనే మందును గూర్చి ఆలోచించుట — ఇదియే సరియైన క్రమము.

చీమలన్నియు ఒక్కటి కావు. కొన్నింటికి తోక చివర ముల్లు కలదు; ఆ ముల్లుతో విషము ఎక్కించును. కొన్నింటికి ముల్లే లేదు. అవి కొరికి, ఆ గాయముపై ఆమ్లము చిమ్మును. పెరటిలో పరుగెత్తు పెద్ద నల్లని గండుచీమ ఈ రెండవ జాతిది. మామిడి ఆకులను పట్టుదారముతో కలిపి గూడు కట్టెడు ఎర్రచీమయు అట్టిదే. అది చెట్టెక్కినవానిని బాధించునుగాని, చెట్టునకు పట్టిన పురుగులను తిని తోటకు మేలు చేయును.

ఇక గింజలు కూడబెట్టు చీమలు. చీమ ధాన్యము దాచుననుట కట్టుకథయని ఐరోపా పండితులలో పలువురు చాలకాలము వాదించిరి. అక్కడి చల్లని దేశములలో వారు చూచిన చీమలు గింజలు దాచెడివి కావు. మన దేశమున కర్నల్ సైక్స్ పుణెలో ఒక చీమను పరిశీలించి, అది గింజలను కూడబెట్టి, వానకు తడిసినవానిని వెలుపలికి తెచ్చి ఎండబెట్టుచున్నదని 1835లో ప్రకటించెను. మన నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ 1851లో దక్షిణ భారతపు చీమల పట్టికను మద్రాసు పత్రికలో వెలువరించెను. మన కలివికోడికి ఆంగ్లమున ఏర్పడిన పేరు ఈయనదే. 1873లో మాగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు దక్షిణ ఫ్రాన్సులో చూచినదానిని గ్రంథముగా వ్రాసిన పిమ్మట ఆ వాదము ముగిసినది. కళ్లమువద్ద కూర్చుండి చీమలబారును చూచిన మన రైతునకు ఈ సంగతి ఎన్నడును సందేహము కాలేదు!

ఇట్టి గింజల చీమలలో సాధువులు కలవు. కన్నము చుట్టును ఊక, పొట్టు, గడ్డిగింజల తొడిమలు గుండ్రముగా పోసియుండిన, అది సాధారణముగా సాధుజాతి చీమల ఇల్లు. దానిజోలికి పోవలసిన పనిలేదు. మనకు శత్రువైనది వేరొకటి కలదు. దాని శాస్త్రీయనామము సోలినాప్సిస్ జెమినేటా. నిప్పువలె మండించును గనుక ఆంగ్లేయులు దానిని నిప్పుచీమ అందురు. ఇదియు గింజలు మోసికొనిపోవునదే.

దీని పుట్టుక మన దేశము కాదు. మిరపకాయవలె ఇదియు అమెరికా ఖండమునుండి ఓడలెక్కి వచ్చినది. పదునారవ శతాబ్దమున మెక్సికోలోని అకపుల్కో రేవునుండి మనీలాకు సాగిన స్పెయిన్ ఓడలలో, బరువునకై పోసిన మట్టితో ఇది తూర్పునకు చేరియుండునని 2015లో వెలువడిన జన్యుపరిశోధన తెలుపుచున్నది. మిరపకాయను మనము ముద్దుచేసికొంటిమి. చీమను మాత్రము గుర్తింపనైన లేదు. మంట విషయమున రెండింటికిని పోలిక కలదు!

దీనిని గుర్తించు విధము చెప్పెదను. రంగు ఎరుపు కలిసిన గోధుమవన్నె. ఒకే బారులో చిన్నవి, పెద్దవి కలిసి నడచును. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లనుండి 6 మిల్లీమీటర్లవరకు. పెద్దవాని తల ఒడలికి మించినంత పెద్దది, చతురస్రాకారము, నడినెత్తిన గాడి. గింజలు పిండిచేయుటకు ఆ తలలోని కండరములు ఉపకరించును. నడుమునకు రెండు కణుపులు. పుట్ట ఎండ తగులు చోట, పచ్చికలోనో, మొక్క మొదటనో, కాలిబాట అంచుననో పొడిమన్ను పోసినట్లుండును. పుల్లతో తాకిన క్షణములో అనేకము పైకి ఎగబ్రాకును. గండుచీమ పారిపోవును, ఇది పైబడును. దవడలతో చర్మమును పట్టుకొని, తోక వంచి, అదే చోట మరల మరల కుట్టును. అందుచేతనే నీళ్లు పోసినంతమాత్రమున ఊడిపోదు.

మరియొక కుట్టుచీమ చెట్లమీద నుండును. సన్నగా పొడవుగా, తలయు తోకయు నలుపు, నడిమి భాగము ఎరుపు. ఎండుకొమ్మల తొర్రలలో నివసించును. దీని కాటు చాల తీవ్రము. బట్టలారవేయు తాడు చెట్టునకు కట్టినవారు ఆ బట్టలను దులిపి తీయవలయును.

ఈ సభలో పలువురి సంతానము అమెరికాలో నున్నది. టెక్సాసులోనో, అరిజోనాలోనో కొడుకు ఇంటికి పోయినప్పుడు, పెరటిలో గడ్డిపరక లేకుండ గుండ్రముగా చదునుచేసినట్లున్న నేలయు, దాని నడుమ కన్నమును కనిపించిన, మనుమలను అచ్చట ఆడనీయకుడు. అది పోగనోమిర్మెక్స్ అను గింజలచీమ ఇల్లు. దాని విషము కీటకముల విషములలో మిక్కిలి తీవ్రమైన వానిలోనిది. కాని దానిని చంపవలసినదని చెప్పను. కొమ్ముల తొండ అను అచ్చటి ప్రాణికి అదియే ముఖ్యాహారము. చుట్టు కంచె నాటి దూరముగా నుండుట మేలు.

ఇక నివారణ. మనవారు ముందుగా చేయుపని మందు సుద్దముక్కతో గీత గీయుటయో, పొడి చల్లుటయో. దానివలన చచ్చునవి ఆహారమునకై వెలుపలికి వచ్చిన కూలిచీమలు మాత్రమే. రాణి నేలలోపల క్షేమముగా గ్రుడ్లు పెట్టుచునే యుండును. కొన్ని పుట్టలలో రాణులు పలువురుందురు. పుట్టను పారతో చెదరగొట్టిన, అవి రెండడుగుల అవతల మరల కాపురము పెట్టును.

పుట్ట ఒకటి రెండైనచో మరుగుకాచిన నీరు చాలును. చల్లని ఉదయమున, ఎండ పొడచినవేళ, రాణియు పిల్లలును పుట్ట పైభాగమున నుండునప్పుడు, ఎనిమిది పది లీటర్ల నీరు మెల్లగా పోయవలయును. ప్రతి పుట్టయు ఒక్కసారితో చావదు; నాలుగు దినములకు చూచి మరల పోయవలయును. కాళ్లకు బూట్లుండవలయును, పిల్లలు దరిదాపుల నుండరాదు. మొక్క మొదట ఇది పనికిరాదు, వేళ్లు ఉడికిపోవును. కిరసనాయిలు, పెట్రోలు పోయుట నేలను పాడుచేయుటయే గాక అగ్నిప్రమాదము.

పుట్టలు పెక్కైనచో ఎర పెట్టవలయును. దీని వెనుక ఒక మర్మము కలదు. పెద్దచీమ గట్టి ఆహారమును మ్రింగలేదు. ద్రవమునే త్రాగి, ఇంటికి పోయి, నోటినుండి నోటికి అందరికిని పంచును. కనుక మందు వెంటనే చంపునది కారాదు. నెమ్మదిగా చంపునదై యుండవలయును. అరలీటరు నీటిలో 50 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్ ఆమ్లము కరగించి, దూదిని తడిపి, మూతకు చిన్న రంధ్రములు పొడిచిన డబ్బాలో నుంచి, బారు ప్రక్కన పెట్టుడు. మందు ఎక్కువ వేసిన చీమ ముట్టదు, లేదా ఇల్లు చేరకుండ చచ్చును. రెండు మూడు వారములు ఓపిక పట్టవలయును. ఈ పొడి చూచుటకు ఉప్పువలె నుండును, పిల్లలకు విషము. వంటయింట ఎన్నడును పెట్టరాదు. డబ్బాపై “విషము” అని పెద్ద అక్షరములతో వ్రాసి, తాళములో నుంచవలయును.

మరియొక మనవి. మన పెద్దలు చీమలపై చల్లిన గమాక్సిన్ పొడి మన దేశమున 1997లో నిషేధింపబడినది. దానిని శుద్ధిచేసిన లిండేన్ వాడుకయు 2013లో ఆగినది. అవి నేలలో ఏండ్లకొలది నిలిచి, ఒడలి క్రొవ్వులో చేరును. అటకపై పాత డబ్బా ఏదైన మిగిలియుండిన, దానిని వాడకుడు, మురుగుకాలువలో పారబోయకుడు. పురపాలక సంఘమువారి హానికర వ్యర్థముల సేకరణకు అప్పగింపుడు.

అమెరికావారు ఈ విషయమున ఒక గుణపాఠము నేర్చిరి. ఈ చీమకు దాయాదియైన వేరొక నిప్పుచీమను నిర్మూలింతుమని 1957లో దక్షిణ రాష్ట్రములపై విమానములతో డీల్డ్రిన్, హెప్టాక్లోర్ చల్లించిరి. పక్షులు, చిన్న జంతువులు అనేకము చచ్చినవి. చీమ నేటికిని అచ్చటనే యున్నది. 1962లో రేచెల్ కార్సన్ తన “సైలెంట్ స్ప్రింగ్” గ్రంథమున ఈ కథను లోకమునకు తెలిపెను.

పుట్ట పుట్టకుండ చేయుట మరింత మేలు. చీమ పేనుబంకను, పిండినల్లిని పశువులవలె కాచి, వానినుండి తీయని రసమును గ్రహించును. మొక్కలకు ఆ తెగులు లేకుండ చూచిన చీమకు ఆకర్షణ తగ్గును. విత్తిన గింజలపై మట్టి సరిగా కప్పుడు. చెత్తబుట్టకు మూత ఉంచుడు. ముఖ్యముగా వాన వెలిసిన మరునాడు పెరడంతయు ఒకమారు తిరిగి చూడుడు. క్రొత్త మన్ను అప్పుడే పైకి వచ్చును.

కుట్టినప్పుడు చేయవలసినది: వెంటనే అచ్చటినుండి దూరముగా జరిగి, చీమలను చేతితోనో, గుడ్డతోనో గట్టిగా తుడిచివేయుడు. సబ్బునీటితో కడిగి, మంచుముక్కను గుడ్డలో చుట్టి అద్దుడు. గోకరాదు. చాలమందికి ఇంతే చాలును. కాని కుట్టనిచోట దద్దురులు లేచినను, ముఖమో నాలుకయో వాచినను, ఆయాసము, కళ్లు తిరుగుట, వాంతి కలిగినను ఒక్క నిమిషము ఆగకుడు. వెంటనే 112కు ఫోను చేసి, పరుండబెట్టి, ఆసుపత్రికి చేర్పుడు. అప్పుడు పనికివచ్చునది అడ్రినలిన్ సూదిమందు, ఉల్లిపాయ కాదు. డిస్పెన్సరీ తెరచువరకు వేచియుండుట ప్రాణముతో చెలగాటము.

మన తల్లులు వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేసెడివారు. చీమలకు అది ఆహారమగునని చెప్పెడివారు. అట్టి ఇంట పుట్టినవాడనై చీమలను చంపుట బోధించుచున్నానని కొందరికి తోచవచ్చును. ఆ ముగ్గు తప్పు కాదు. చీమలన్నింటికిని మన పెరటిలో చోటు కలదు. పిల్లల పాదము పడుచోట, పనివాని వట్టికాలు పడుచోట మాత్రము ఈ ఒక్క జాతికి చోటు లేదు. ఆ తోటమాలి నేడును మన క్వార్టర్లలోనే గడ్డి కోయుచున్నాడు. వెనుక వరుసవారు చందాలు వేసికొని అతనికి బూట్లు కొనియిచ్చిరి. పెరటిలోనికి అతడు అడుగిడుటకు ముందు, ఇంటివారు ఒకమారు నేలను చూచివచ్చుట మన వరుసలలో ఆచారమైనది. ఆ ఆచారము మీ అందరి ఇండ్లకును ప్రాకవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.